కొండపల్లి బొమ్మకు రంగు దిద్దడమెలా?

సంక్రాంతికి, దసరాకు మన పల్లెల్లో చాలా ఇళ్లలో అటక మీది బొమ్మల పెట్టె కిందికి దిగుతుంది. మూత తీస్తే అంబారీ ఏనుగు తొండం మీద రంగు పొరలు పొరలుగా లేచి వుంటుంది. పల్లకీ మోసే బోయీల్లో ఒకడికి చెయ్యి వుండదు. తాటిచెట్టెక్కే గీత కార్మికుడి మొహాన పిల్లలెవరో ఎప్పుడో పెట్టిన సిరా మరక కనిపిస్తుంది. ఓ డబ్బా రంగు తెచ్చి పూసేస్తే పోలేదా అనుకుంటారు ఇంట్లోవారు. తలుపులకు వేయగా మిగిలిన ఎనామిల్ రంగు గూట్లో వుంటే ఆ ఆలోచన ఆ పూటే అమలవుతుంది. నాలుగు రోజులు తిరక్కుండా ఏనుగు కాస్తా తారు ముద్దలా తయారవుతుంది.

బొమ్మకు రంగు వేయడం బ్రహ్మవిద్యేమీ కాదు. అయితే దానికో వరస వుంది. ఎన్టీఆర్ జిల్లా ఇబ్రహీంపట్నం పక్కనున్న కొండపల్లిలో బొమ్మల కాలనీకి వెళితే ఆ వరస కళ్లారా చూడవచ్చు. మగవారు బాడిసెలతో, ఉలులతో కర్ర చెక్కుతుంటారు. ఆడవారు ముందు రంగు గిన్నెలు పెట్టుకుని, ఒళ్లో బొమ్మ పెట్టుకుని కుంచె కదుపుతుంటారు. చాలా కుటుంబాల్లో రంగు పని ఆడవారిదే. అంగట్లో కొనేవారు చూసేది రంగునే గనుక బొమ్మ ధర సగం వారి చేతిలోనే వుందనడంలో అతిశయోక్తి లేదు.

ముక్కలు ముక్కలుగా పుట్టే బొమ్మ

బొమ్మంతా ఒకే కర్రలో చెక్కుతారని చాలామంది అనుకుంటారు. అది పొరపాటు. మొండెం ఒక ముక్క, తల ఒక ముక్క, చేతులు వేరు, నెత్తిమీది కుండ వేరు. అంబారీ ఏనుగయితే తొండం, చెవులు, దంతాలు, పైన కూర్చున్న రాజు, మావటి, అన్నీ విడివిడిగా తయారై తర్వాత ఒకటవుతాయి.

వాడేది తెల్ల పొణికి కర్ర. మెత్తన, తేలిక. ఉలి పెడితే వెన్నలా తెగుతుంది. పచ్చి కర్రను సన్నని సెగ మీద ఆరబెట్టి తేమ పోగొట్టిన తర్వాతే పని మొదలు పెడతారు. తేమ మిగిలిన కర్ర మీద ఎంత మంచి రంగు వేసినా నిలవదు. లోపలి తడి బయటికి వచ్చేటప్పుడు రంగును బుడగల్లా లేపుతుంది.

ముక్కలను అతికేది మక్కుతో. చింతగింజల పిండిని ఉడికించిన జిగురులో రంపపు పొట్టు కలిపితే మక్కు తయారవుతుంది. ఇది రెండు పనులు చేస్తుంది. ముక్కలను కలుపుతుంది, అతుకు దగ్గర సందు పూడుస్తుంది. ముక్కు, చెవి తమ్మె, కొప్పు మడత వంటి చిన్న చిన్న మెరకలు కూడా దీంతోనే తీర్చవచ్చు. ఇంట్లో చెయ్యి వూడిన బోయీకి బజారులో దొరికే కర్ర జిగురులో సన్నని రంపపు పొట్టు కలిపి పెట్టినా పని జరుగుతుంది. మక్కు పూర్తిగా గట్టిపడ్డాక సన్నరకం గరుకు కాగితంతో రుద్దాలి. వేలు పెడితే అతుకు తెలియకూడదు. ఇక్కడ చూపని ఓపికను తర్వాత రంగుతో కప్పిపుచ్చలేం. పైపెచ్చు రంగు పడ్డాక ప్రతి గీటూ, ప్రతి గుంటా మరింత స్పష్టంగా కనిపిస్తుంది.

పై దేశాల్లో ఇలాంటి సరదాయే ఇంకో రూపంలో వుంది. విమానాలు, ఓడల నమూనాలను ప్లాస్టిక్ ముక్కలుగా పెట్టెల్లో అమ్ముతారు. కొన్నవారు ఇంట్లో ముక్కలు అతికి రంగులు వేసుకుంటారు. బ్రిటన్‌లో ఈ వ్యాపారానికి పేరు మోసిన ఎయిర్‌ఫిక్స్ కంపెనీ 1940ల చివర్లో చేసిన తొలి నమూనా యుద్ధ విమానమేమీ కాదు, ఫెర్గూసన్ ట్రాక్టరు. ట్రాక్టర్లు అమ్మే ప్రతినిధుల కోసం దాన్ని చేశారు. వాటికి రంగు వేయబోయే కొత్తవారికి అక్కడ చెప్పే పాఠాలు వింటే కొండపల్లి ఆడపడుచులు నవ్వుకుంటారు. ముందు శుభ్రం, తర్వాత ప్రైమరు, ఆ తర్వాత పలచని పూతలు. అన్నీ వారికి తెలిసినవే. తేడా ఒక్కటే. ప్లాస్టిక్ ముక్కకు అచ్చు తాలూకు జిడ్డు వుంటుంది గనుక సబ్బునీళ్లతో కడగాలి. పొణికి కర్రను మాత్రం నీళ్లలో ముంచరాదు. పొడిగుడ్డతో దుమ్ము దులిపితే చాలు.

తెల్లపూతే పునాది

నునుపు చేసిన బొమ్మకు నేరుగా రంగు వేస్తే కర్ర దాన్ని పీల్చేస్తుంది. ఒకచోట ముదురుగా, ఒకచోట వెలిసినట్టుగా కనిపిస్తుంది. అందుకే ముందు సుద్ద పూత వేస్తారు. సున్నం, జిగురు కలిసిన ఈ తెల్లపూత కర్ర రంధ్రాలను మూసి గోడకు వెల్ల వేసినట్టు చేస్తుంది. దాని మీద పసుపు పసుపుగా, ఎరుపు ఎరుపుగా పలుకుతాయి. కొత్తగా నేర్చుకునేవారు ఎక్కువగా ఎగ్గొట్టేది ఈ పనినే. ఎటూ కనబడని పూత కోసం రెండు రోజులు ఎందుకని వారి వాదన. కొండపల్లి బొమ్మ ఏళ్ల తరబడి కొలువులో నిలబడిందంటే ఆ కనబడని పూత వల్లనే.

పూత పలచగా వుండాలి. చిక్కగా ఒక్కసారి వేసేకంటే పలచగా రెండుసార్లు వేయడం మేలు. మొదటిది ఆరాక చేత్తో తడిమితే నూగులా తగులుతుంది. దాన్ని వాడేసిన గరుకు కాగితంతో తేలిగ్గా రుద్ది రెండో పూత వేయాలి. ఎండలో పెట్టరాదు, పగుళ్లిస్తుంది. నీడన, గాలి ఆడేచోట ఆరాలి. ఇంటి దగ్గర సుద్ద కలుపుకోలేనివారు రంగుల దుకాణంలో కర్రకు వేసే తెల్ల ప్రైమరు తెచ్చుకోవచ్చు.

బొమ్మను చేత్తో పట్టుకుంటే వేలిముద్రలు పడతాయి. బొమ్మ అడుగున చిన్న మేకు దిగ్గొట్టి, దానికి పుల్ల కట్టి పట్టుకుంటే అన్ని వైపులా తిప్పుకోవచ్చు. పని ఆపినప్పుడు ఆ పుల్లను ఇసుక పోసిన డబ్బాలో గుచ్చవచ్చు.

ఏ రంగు వాడాలి?

పూర్వం ఆకు పసర్లు, చెట్ల బెరళ్లు, మట్టి రంగులు వాడేవారు. తర్వాత జిగురులో కలిపే పొడి రంగులు, నీటి రంగులు, ఎనామిల్ రంగులు వచ్చాయి. ఎనామిల్‌కు మెరుపు వుంది, తడి తగిలినా పోదు. కానీ వాసన, ఆరడానికి పట్టే కాలం, కుంచె కడగడానికి టర్పెంటైను, ఇవన్నీ కొత్తవారికి ఇబ్బందే. నేర్చుకునేవారు నీటి రంగులతో మొదలు పెట్టడం మంచిది. తప్పు పడితే తడిగుడ్డతో తుడిచి మళ్లీ వేసుకోవచ్చు. పని అంతా అయ్యాక పైన పలచని వార్నీషు ఒక పూత వేస్తే నిలుస్తుంది.

రంగు ఎన్నుకునేటప్పుడు ఒక సంగతి మరువరాదు. బొమ్మ కొలువులో మాత్రమే వుండదు. పసిపిల్లల చేతికీ, అక్కణ్ణుంచి నోటికీ పోతుంది. పాతకాలపు పసుపు, ఎరుపు ఎనామిల్ రంగుల్లో సీసం వుండేది. అది పిల్లల మెదడుకు చేటు. ఇంటి రంగుల్లో సీసం పది లక్షల పాళ్లలో 90 పాళ్లకు మించరాదని కేంద్ర ప్రభుత్వం 2016లో నిబంధన చేసింది. 2017 నవంబరు 1 నుంచి అది అమలులోకి వచ్చింది. కాబట్టి అటక మీద అంతకు ముందెప్పుడో మిగిలిపోయిన డబ్బా వుంటే బొమ్మకు వాడరాదు. కొత్త డబ్బా కొనేటప్పుడు కూడా సీసం లేదని రాసి వుందో లేదో చూసుకోవాలి. పాత బొమ్మ రంగును గరుకు కాగితంతో రుద్దేటప్పుడు ఆ పొడి గాలిలో లేస్తుంది. మూతికి గుడ్డ కట్టుకుని, పిల్లల్ని దూరంగా పంపి, పొడిని తడిగుడ్డతో ఎత్తివేయాలి.

అన్ని రంగుల డబ్బాలూ కొనాల్సిన పనిలేదు. తెలుపు, నలుపు, పసుపు, ఎరుపు, నీలం వుంటే చాలు. తెలుపులో కాస్త పసుపు, చిటికెడు ఎరుపు కలిపితే ఒంటి రంగు వస్తుంది. దానికి రవ్వంత నలుపు చేరిస్తే పొలంలో ఎండకు కాగిన మనిషి రంగు. నీలంలో తెలుపు కలిపితే కృష్ణుడు. ఎరుపులో నలుపు కలిపితే ఎడ్లబండి చక్రాలకు సరిపోయే గోధుమ ఎరుపు. ఒక బొమ్మకు కావలసిన రంగు ఒకేసారి కలుపుకోవాలి. సగంలో అయిపోతే మళ్లీ అదే రంగు కలవడం అనుభవజ్ఞులకే కష్టం.

కుంచె, చెయ్యి

కొండపల్లిలో మేక వెంట్రుకలతో కుంచెలు కట్టుకునే అలవాటు వుంది. ఇంటి దగ్గర మూడు కుంచెలు చాలు. ఒకటి వెడల్పుది, ఒకటి మధ్యరకం, ఒకటి సన్నది. సన్నదాని మీద మాత్రం పైసలు చూసుకోరాదు. కొన చీలిన కుంచెతో నగ గీస్తే నగ బదులు తోరణం వస్తుంది.

కుంచెను రంగులో పీకల దాకా ముంచడం కొత్తవారి మొదటి తప్పు. కొనలో మూడోవంతు మునిగితే చాలు. గిన్నె అంచుకు ఒత్తి అదనపు రంగు దించాలి. రెండో తప్పు, సగం ఆరిన రంగు మీద మళ్లీ కుంచె ఆడించడం. అది కింది పొరను లేపి గీతలు గీతలుగా చేస్తుంది. ఒక చోటు బాగా రాలేదనిపిస్తే వదిలేసి, పూర్తిగా ఆరనిచ్చి, రెండో పూత వేయడమే దారి. వాన ముసురు పట్టిన రోజుల్లో రంగు ముట్టుకోకపోవడం మంచిది. గాలిలో తేమకు పూత ఆరక మసక వేస్తుంది.

రంగు వేసే వరస ఇది. ముందు ఒంటి రంగు. తర్వాత బట్టలు, అందులోనూ లేత రంగులు ముందు, ముదురువి తర్వాత. పసుపు చీరకు ఎర్ర అంచు వేయవచ్చుగానీ, ఎర్ర అంచు పక్కన పసుపు సర్దబోతే తిప్పలే. ఆ తర్వాత జుట్టు. తర్వాత అంచులు, చుక్కలు, నగలు. లోపలి మడతలు ముందు, పైకి వుబ్బి వున్నవి తర్వాత. ఏనుగు విషయంలో ఏనుగుకు రంగు వేశాకే పైనున్న జూలు. పల్లకీలో పెళ్లికూతురు వుంటే ఆమెకు రంగు వేశాక పల్లకీ పైకప్పు అతకాలి. లేకపోతే కుంచె లోపలికి పోదు.

చివరకు కళ్లు

అన్నీ అయ్యాక కళ్లు. బొమ్మ బతికేదీ, చచ్చేదీ ఇక్కడే. చీర అంచు కాస్త వంకర పోయినా కొనేవాడు పట్టించుకోడు. కన్ను వంకర పోతే బొమ్మను చేతిలోకి తీసుకోడు. చెక్కిన శ్రమ, ఆరబెట్టిన రోజులు, నాలుగు రంగుల ఖరీదు ఆ ఒక్క చుక్కతో పోతాయి. పని నేర్చుకునే పిల్లలకు మొదట తెల్లపూత, ఆపైన పెద్ద పెద్ద చోట్ల రంగు నింపడం అప్పగించి, కళ్లను చెయ్యి తిరిగినవారే దిద్దడం ఇందుకే.

ఇంట్లో చేసేవారు ముందు పాత కర్ర ముక్క మీద పది జతల కళ్లు దిద్ది చూసుకోవాలి. ఒక కన్ను పూర్తిచేసి రెండోది మొదలు పెట్టరాదు. అలా చేస్తే ఒకటి పెద్దది, ఒకటి చిన్నది అవుతుంది. రెండు కళ్లకూ ముందు తెలుపు. అది ఆరాక రెంటికీ పై రెప్ప గీత. ఆ తర్వాత రెంటికీ నల్లగుడ్డు. నల్లగుడ్డు తెలుపు నట్టనడుమ పెడితే బొమ్మ బెదిరినట్టు చూస్తుంది. పై రెప్పకు ఆనించి పెడితే చూపు శాంతంగా వుంటుంది. ఏ వైపు కన్ను చేతికి అందక కష్టమో దాన్ని ముందు గీసి, సులువైన వైపు కంటిని దానికి సరిపెట్టుకోవాలి. మోచెయ్యి బల్ల మీద, చిటికెన వేలు బొమ్మ భుజం మీద ఆనించితే వణుకు తగ్గుతుంది. పగటి వెలుతురులో, పొద్దుటిపూట చేయడం మేలు. దీపం వెలుగులో దిద్దిన కన్ను తెల్లారాక వేరేగా కనిపిస్తుంది.

పాతవాటి జోలికి పోవద్దు

ఇక్కడ ఒక హెచ్చరిక. తాతల నాటి బొమ్మలు పెట్టెలో వుంటే వాటికి కొత్త రంగు వేయకపోవడమే మంచిది. పసరు రంగులతో దిద్దిన ఆ పాత చూపు ఎనామిల్ కింద పోతే మళ్లీ రాదు. దుమ్ము మెత్తని కుంచెతో దులిపి, వూడిన ముక్క అతికి, అలాగే కొలువులో పెట్టాలి. రంగు సరదా తీర్చుకోవాలంటే కొత్తగా చెక్కిన, రంగు వేయని బొమ్మను అడిగి తెచ్చుకోవాలి.

నేర్చుకునే చేతులేవి?

రెడ్డిరాజుల నాటి కోట నీడలో సాగుతున్న ఈ పని వందల ఏళ్ల నాటిది. తమ పూర్వులు రాజస్థాన్ నుంచి వచ్చారని ఇక్కడి ఆర్యక్షత్రియులు చెప్పుకుంటారు. కొండపల్లి బొమ్మలకు 2006-07లో భౌగోళిక గుర్తింపు దక్కింది. అంటే మరోచోట చేసిన బొమ్మను ఈ పేరుతో అమ్మడం నేరం. 2020 ఆగస్టు 30న ప్రధానమంత్రి మోదీ రేడియో ప్రసంగంలో దేశంలోని బొమ్మల కేంద్రాలను తలచుకుంటూ కొండపల్లి పేరు చెప్పారు. 2021 జనవరి 1 నుంచి బొమ్మలన్నింటికీ ప్రమాణాల ముద్ర తప్పనిసరి చేసినప్పుడు, నమోదైన చేతిపనివారికి, భౌగోళిక గుర్తింపు వున్న వస్తువులకు మినహాయింపు ఇచ్చారు. ఇవి లేకపోతే పూట గడవని కుటుంబాలు పరీక్షా కేంద్రాల చుట్టూ తిరగవలసి వచ్చేది.

గుర్తింపు కాగితం మీద బాగానే వుంది. కొండపల్లి అరుగు మీద లెక్క వేరు. పొణికి కర్ర ఒకప్పుడు పక్క కొండల్లోనే దొరికేది. ఇప్పుడు దాని కోసం వెతుక్కోవలసిన స్థితి. రంగు పని చేసే ఆడవారికి కూలి బొమ్మల లెక్కన వస్తుంది గనుక ముసురు పట్టిన వారం ఆదాయం ఆగిపోతుంది. పక్కనే ఇబ్రహీంపట్నంలో థర్మల్ కేంద్రం, కొండపల్లి పారిశ్రామికవాడ వున్నాయి. విజయవాడ బస్సు దూరమే. నెల తిరిగేసరికి జీతం వచ్చే పని వుండగా కుర్రవాళ్లు ఏళ్లు వెచ్చించి కన్ను దిద్దడం ఎందుకు నేర్చుకోవాలన్న ప్రశ్నకు పెద్దల దగ్గర జవాబు లేదు. చెక్కడం శిక్షణ అంటే అందరికీ గుర్తొస్తుంది. రంగు పనికి కూడా శిక్షణ, సరైన కూలి, పొణికి తోటల పెంపకం కావాలన్న సంగతి అధికారులకు గుర్తు చేయవలసి రావడమే విచారకరం.

కొనేవారు కూడా కాస్త గమనించాలి. నిజమైన పొణికి బొమ్మ చేతిలో పెడితే చూపుకన్నా తేలిగ్గా తోస్తుంది. ఒకే మూసలో పోసిన బొమ్మలన్నీ అచ్చుగుద్దినట్టుంటాయి. చేత్తో దిద్దిన వాటిలో ఏ రెండింటి చూపూ ఒకటిగా వుండదు. రోడ్డు పక్క దుకాణంలో బేరమాడేకంటే కాలనీలోకి నడిచి వెళ్లి దిద్దినవారి దగ్గరే కొంటే డబ్బు వారికే చేరుతుంది. రంగు వేయని బొమ్మ కావాలన్నా అక్కడే అడగవచ్చు.

రంగు వేసిన బొమ్మను వెంటనే పెట్టెలో పెట్టరాదు. నీటి రంగయితే రెండు రోజులు, ఎనామిలయితే వారం రోజులు నీడన వుంచాలి. వేలితో నొక్కితే అంటకపోవడం ఒక్కటే చాలదు, వాసన కూడా పూర్తిగా పోవాలి. తర్వాత ఒక్కోదాన్ని మెత్తని పాత నూలుగుడ్డలో చుట్టాలి. ప్లాస్టిక్ సంచిలో చుడితే లోపల చెమ్మ పట్టి రంగు సంచికి అంటుకుంటుంది. పెట్టె అడుగున ఎండు వేపాకు పరిచి, తేమ తగలని చోట, నేలకు ఎత్తుగా పెట్టాలి. వానాకాలం వెళ్లాక ఒకసారి మూత తీసి గాలి తగలనిస్తే మరుసటి కొలువుకు బొమ్మలు సిద్ధంగా వుంటాయి.